బావి ఈత వచ్చినవాళ్లు స్కూబాలో ముందు మానుకోవాల్సిన అలవాటు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తుంటాను, వయసు 38. సంక్రాంతి సెలవులకు నేను, నా భార్య, 11 ఏళ్ల బాబు చెన్నై మీదుగా అండమాన్ వెళ్తున్నాం. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, స్కూబా డైవింగ్ చేయాలని ఉంది. నాకు చిన్నప్పటి నుంచి బావి ఈత అలవాటు, నీళ్లంటే భయం లేదు. ఆమెకు ఈత రాదు. బాబుకు ఏడెనిమిదేళ్లప్పుడు పిల్లికూతలు వస్తే నెబ్యులైజర్ పెట్టేవాళ్లం, ఇప్పుడు బాగున్నాడు. నాకు చలికాలం ముక్కు దిబ్బడ ఉంటుంది, విమానం దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయి. ట్రావెల్స్ వాళ్లు చివరి రోజు మాకు రెండు డైవ్‌లు పెట్టి, మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ వేశారు. ముందుగా ఏం నేర్చుకుని వెళ్లాలి? ఇంకొకటి, మన మైపాడు, తుమ్మలపెంట దగ్గర పగడాలు ఎందుకు ఉండవు?

సమాధానం: ముందు ఆ చివరి రోజు డైవ్‌ల సంగతి తేల్చుకోండి. అది ఇప్పుడే మార్చుకోవాల్సిన పని.

స్కూబా అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల కింద ఈదడం. అలా నీళ్ల కింద ఒత్తిడిలో గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ కొంత రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది ఊపిరి ద్వారా మెల్లగా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. విమానం ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఇంకా బయటికి పోని నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతోంది. మీ రెండో డైవ్ మధ్యాహ్నం 3 గంటలకు ముగిసి, మర్నాడు 8కి ఫ్లైట్ అయితే 17 గంటలే. కాబట్టి స్వరాజ్ ద్వీప్ చేరిన మర్నాటి ఉదయమే డైవ్ పెట్టించుకోండి. గాలి ఎక్కువై ఆ రోజు పడవ కదలకపోయినా, తర్వాతి రోజు చేతిలో ఉంటుంది. రెండు డైవ్‌లు కూడా అక్కర్లేదు. మొదటిసారికి ఒక్కటి బాగా చేస్తే చాలు.

ఈ నియమం విమానానికే కాదు. కర్ణాటకలో మురుడేశ్వర్ తీరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవికి వెళ్లేవాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి కూడా ఉంటారు. అక్కడ డైవ్ చేసి, అదే రాత్రి ఘాట్ ఎక్కి సుమారు 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరుకు బస్సులో వస్తే శరీరానికి అదీ ఎత్తే. వాళ్లూ డైవ్‌లను బట్టి ఆ 12 లేదా 18 గంటలు కిందే ఉండి బయల్దేరడం మంచిది.

ఇక మీ ఈత సంగతి. నీళ్ల భయం లేకపోవడం నిజంగా మేలే. కానీ బావిలో నేర్చుకున్న ఒక అలవాటు స్కూబాలో పనికిరాదు సరికదా, ప్రాణం మీదికి తెస్తుంది. బావిలో మీరేం చేస్తారు? ఒడ్డున గుండె నిండా గాలి పీల్చి, బిగబట్టి, మునిగి అడుగు తాకి పైకి వస్తారు. ఆ గాలి ఒడ్డున పీల్చింది. కిందికి పోయేకొద్దీ అది కుంచించుకుపోతుంది, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికి వస్తుంది. అంతకు మించదు కాబట్టి ఊపిరితిత్తులకు ఏమీ కాదు. స్కూబాలో మీరు కింద ఉండగానే పీలుస్తారు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ 4 లీటర్ల గాలి పీల్చి బిగబట్టి పైకి వస్తే, ఉపరితలం చేరేసరికి అది 8 లీటర్లకు పెరగాలని చూస్తుంది. అంత చోటు ఛాతీలో లేదు. ఊపిరితిత్తి చిరిగి గాలి రక్తంలోకి పోతే మెదడుకు, గుండెకు దెబ్బ. నిండా పీల్చి బిగబడితే మీటరు, మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఇది జరగొచ్చు. ఒత్తిడి మార్పు దామాషాలో చూస్తే ఎక్కువగా ఉండేది పైనున్న 10 మీటర్లలోనే. తక్కువ లోతే కదా అని ధైర్యపడటానికి లేదు.

కాబట్టి నోట్లో రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని గొట్టం ద్వారా నోటికి అందించే పరికరం, ఉన్నంతసేపూ పీల్చడం, వదలడం ఆగకూడదు. ఏ కారణంగానైనా రెగ్యులేటర్ నోట్లోంచి ఊడితే పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. కుడి చేతిని తొడ పక్క నుంచి వెనక్కి, అక్కడి నుంచి చుట్టూ ముందుకు తిప్పితే గొట్టం చేతికి తగులుతుంది. నోట్లో పెట్టుకుని, ముందు ఊది లోపలి నీళ్లు పోగొట్టి, ఆ తర్వాతే పీల్చాలి. ఊదేంత గాలి లేకపోతే రెగ్యులేటర్ ముందున్న బటన్ నొక్కితే నీళ్లు బయటికి పోతాయి. ఇది నడుముల్లోతు నీళ్లలో రెండు మూడుసార్లు చేయించకుండా లోతుకు తీసుకెళ్లే శిక్షకుడితో వెళ్లొద్దు.

వెనకనున్న సిలిండర్‌ను అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు గానీ అందులో ఉండేది మామూలు గాలే, వడకట్టి నొక్కి నింపింది. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు. 200 బార్ ఒత్తిడికి నింపితే 2,200 లీటర్ల గాలి పడుతుంది. స్థిమితంగా ఉన్న మనిషి ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలిస్తే, 10 మీటర్ల లోతులో అదే ఊపిరికి 40 లీటర్లు ఖర్చవుతాయి. గేజీలో 50 బార్ చూపేసరికి ఒడ్డున ఉండాలని లెక్క. మిగిలిన 150 బార్ సుమారు 40 నిమిషాలు వస్తుంది. కంగారుగా, పైపైన పీల్చేవాళ్లకు అందులో సగం సమయానికే అయిపోతుంది. అలా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా బయటికి పోదు. అది పేరుకుంటే గాలి చాలనట్టు అనిపించి కంగారు ఇంకా పెరుగుతుంది. విరుగుడు ఒక్కటే. కదలడం ఆపి, పీల్చినదానికంటే వదలడం పొడుగ్గా చేయాలి.

మీ చెవుల విషయంలో గట్టిగానే చెప్పాలి. విమానం దిగేటప్పుడు చెవి మీద పడే ఒత్తిడి తేడా మొత్తం కలిపి దాదాపు రెండున్నర మీటర్ల నీటి లోతుతో సమానం. అక్కడ అది అరగంట పాటు నెమ్మదిగా పడుతుంది. సముద్రంలో ఆ రెండున్నర మీటర్లు పది సెకన్లలో దిగిపోవచ్చు. విమానంలోనే పట్టేస్తున్నాయంటే ముక్కు వెనక నుంచి చెవికి పోయే సన్నటి గొట్టం సులువుగా తెరుచుకోవడం లేదన్నమాట. ప్రయాణానికి నెల ముందే నెల్లూరులోనో ఒంగోలులోనో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. డైవింగ్‌కు వెళ్తున్నట్టు ప్రత్యేకంగా చెప్పండి. వాళ్లు సరేనంటే రోజూ ఇంట్లో సాధన చేయండి. ముక్కు రెండు వేళ్లతో మూసి, గుటక వేయండి. లేదా ముక్కు మూసి, నోరు మూసి, లోపలి నుంచి మెల్లగా ఊదండి. రెండు చెవుల్లోనూ టిక్కుమనాలి. ఒక చెవి మొరాయిస్తే ఆ చెవి పైకి ఉండేలా తల పక్కకు వంచి చూడండి.

నీళ్లలోకి దిగాక నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. తల మునగకముందే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకీ ఒకసారి చేయాలి. సుమారు 1.2 మీటర్ల తేడా పేరుకుందంటే ఆ గొట్టం ఒత్తిడికి అతుక్కుపోతుంది, ఇక ఎంత ఊదినా తెరుచుకోదు. అప్పుడు ఒకటే దారి, మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించడం. బలవంతంగా ఊదితే లోచెవి పొర చిట్లి, వినికిడి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. జలుబుంటే ఆ రోజు డైవ్ లేదు, అంతే. దిబ్బడ తగ్గించే మాత్ర వేసుకుని దిగుదామనుకుంటారు చాలామంది. కింద ఉండగా మందు ప్రభావం తగ్గితే లోపల చిక్కుకున్న గాలి పైకి వచ్చేటప్పుడు బయటికి పోలేక నరకం చూపిస్తుంది. దిగేటప్పుడు నొప్పి వస్తే పైకి రావచ్చు, పైకి వచ్చేటప్పుడు వచ్చే నొప్పికి కిందికి పోయి కూర్చోలేం కదా.

బాబును ఈసారి స్కూబాకు దింపకండి. వయసు సమస్య కాదు. చాలా శిక్షణ సంస్థలు 10 ఏళ్లు నిండినవాళ్లను తీసుకుంటాయి. పిల్లికూతల చరిత్రే అడ్డు. శ్వాసనాళాలు బిగుసుకునే తత్వం ఉన్నవాళ్లకు సిలిండర్లోని పొడి గాలి, శ్రమ, ఒక్క గుక్క ఉప్పునీరు, ఏదైనా చాలు మళ్లీ మొదలవడానికి. నాళం సన్నబడితే దాని వెనక చిక్కుకున్న గాలి పైకి వచ్చేటప్పుడు వ్యాకోచిస్తుంది. ఇందాక చెప్పిన ప్రమాదమే, ఊపిరి బిగబట్టకపోయినా జరుగుతుంది. డైవ్‌కు ముందు ఇచ్చే ఆరోగ్య పత్రంలో ఆస్తమా గురించి సూటిగా అడుగుతారు. అక్కడ ‘లేదు’ అని టిక్కు పెట్టించే ఏజెంట్లు ఉన్నారు, వాళ్ల మాట వినొద్దు. ఊపిరితిత్తుల నిపుణుడు పరీక్షలు చేసి, రాతపూర్వకంగా సరేనంటే మరోసారి చూద్దురు. స్వరాజ్ ద్వీప్‌లోనే ఎలిఫెంట్ బీచ్ దగ్గర లైఫ్ జాకెట్‌తో నీటి మీద తేలుతూ, నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ కిందికి చూసే స్నార్కెలింగ్ చేయొచ్చు. దానికైనా వాడి డాక్టరును ఒక మాట అడిగి తీసుకెళ్లండి. పైనుంచి కనిపించే రంగులు తక్కువేమీ కాదు. నీళ్లు ఎరుపును ముందుగా మింగేస్తాయి కాబట్టి ఎర్రటివి, నారింజవి నిండు రంగుల్లో కనిపించేది ఆ పైనున్న నాలుగైదు మీటర్లలోనే.

మీ భార్య మాత్రం నిశ్చింతగా ప్రయత్నించవచ్చు. సర్టిఫికెట్ కోర్సుకు 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం వచ్చి ఉండాలి. శిక్షకుడు పట్టుకుని తీసుకెళ్లే మొదటి పరిచయ డైవ్‌కు చాలా కేంద్రాలు ఈత అడగవు. మర్చిపోవాల్సిన అలవాటేదీ లేదు గనుక ఆమె ఊపిరి మీకంటే త్వరగా కుదుటపడినా ఆశ్చర్యపోకండి. ఒక్కటే షరతు: ఆమె ఒక్కరికే ఒక శిక్షకుడు ఉండాలి. వద్దనిపిస్తే ఒడ్డునే ఆగిపోయే హక్కు ఆమెదని మీరూ ముందే చెప్పండి. మొగుడి ముచ్చట కోసం కళ్లు మూసుకుని దిగేవాళ్లే మూడు మీటర్ల దగ్గర భయపడి పైకి దూసుకొస్తారు.

కేంద్రాన్ని ధర చూసి, వీడియో ప్యాకేజీ చూసి ఎంచుకోవద్దు. ఒక శిక్షకుడికి ఎంతమంది? ఆయన ‘పాడి’ (PADI) లేదా ఎస్‌ఎస్‌ఐ (SSI) లాంటి డైవింగ్ శిక్షణ సంస్థ గుర్తింపున్న ఇన్‌స్ట్రక్టరేనా, లేక సహాయకుడా? ఒడ్డునో పడవలోనో అత్యవసర ఆక్సిజన్ ఉందా? ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టినవాళ్లకు వైద్యం చేసే ఒత్తిడి చికిత్స గది దగ్గర్లో ఎక్కడుంది? ఈ నాలుగూ అడగండి, తడుముకుంటే ఇంకోచోటికి వెళ్లండి. సిలిండర్ గాలి నోట్లోకి తీసుకున్నప్పుడు నూనె వాసన, పొగ వాసన వస్తే దిగొద్దు. కంప్రెసర్ నూనె ఆవిరో, పక్కనున్న ఇంజన్ పొగో లోపలికి వెళ్లిందని అర్థం. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, లోతులో దాని విషం ఇంకా ఎక్కువ.

మొదటి డైవ్‌కు స్వరాజ్ ద్వీప్‌లో ఎక్కువగా వాడేది రెండో నంబరు బీచ్ దగ్గరి నీమో రీఫ్. ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగవచ్చు. ఆటుపోట్లను బట్టి టైం మారుతుంది కాబట్టి వాళ్లు చెప్పిన గంటకే వెళ్లండి. ఇంట్లో క్యాలెండర్ చూసుకుని వీలైతే అష్టమికి అటూ ఇటూ రోజు కోరుకోండి. అమావాస్య, పౌర్ణమిలప్పుడు పోటు, పాటు రెండూ ఉధృతంగా ఉండి ప్రవాహం ఎక్కువవుతుంది, అడుగు ఇసుక లేచి నీరు మసకబారుతుంది. పరిచయ డైవ్‌లో 12 మీటర్లు దాటనివ్వరు. అంత కూడా అక్కర్లేదు. ఆరేడు మీటర్లలోనే వెలుగు, పగడం, చేపలు అన్నీ బాగుంటాయి. ఎంత లోతుకు వెళ్లారన్నది గొప్పగా చూసుకోకండి.

పొద్దున రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తినండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, చేపల పులుసు అన్నమూ మంచిది కాదు. మాస్కు ఎంచుకునేటప్పుడు పట్టీ పెట్టుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి. చేయి వదిలినా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. మీసం ఉంటే పై పెదవి మీద నీరు కారుతుంది, ముక్కు కింద రెండు మూడు మిల్లీమీటర్లు గొరిగించుకుంటే చాలు. అద్దాలు వాడేవాళ్లు పవర్ మాస్కు ముందే చెప్పి పెట్టించుకోవాలి. లోపల నీళ్లు చేరితే మాస్కు పైఅంచును నుదుటికి నొక్కి పట్టి, తల కాస్త ఎత్తి, ముక్కుతో ఊదితే నీళ్లు కింది నుంచి పోతాయి. నడుముకు కట్టే సీసం బరువు మితంగా ఉండాలి. కొత్తవాళ్లు తేలిపోకుండా ఉండాలని కొందరు అవసరానికి మించి కట్టేస్తారు. అప్పుడు కాళ్లు కిందికి వేలాడి, పాదాలకు తొడిగే ఫిన్ ఆడించిన ప్రతిసారీ పగడం విరుగుతుంది. నీళ్లలో దాదాపు అడ్డంగా, చేతులు కట్టుకుని ఉండాలి. మీ బావి ఈత చేతులు ఇక్కడ అసలు ఆడకూడదు.

సైగల్లో ఒకటి ముఖ్యం. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అరచేయి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే చెవి సమస్య. శిక్షకుడు సిలిండర్ మీద టకటక కొడితే నీళ్లలో శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియదు, చుట్టూ చూడండి. నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి.

పగడం మీద నిలబడొద్దు, పట్టుకోవద్దు. అది రాయి కాదు, వేలాది చిన్న జంతువుల కాలనీ. గుండ్రంగా పెరిగే రకాలు ఏడాదికి సెంటీమీటరు అటూఇటూగా పెరుగుతాయి. అర మీటరు ఎత్తున్న దాన్ని ఒక్క తన్నుతో చంపితే యాభై ఏళ్ల పెరుగుదల పోయినట్టే. ఫొటో కోసం పగడపు కొమ్మో, సముద్ర దోసకాయో చేతిలో పెడితే వద్దని చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండూ రక్షిత జీవులు. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కైనా బ్యాగులో పెట్టుకోకూడదు. తెల్లగా మెరిసే పగడాలు కనిపిస్తే ముచ్చటపడకండి. వాటి ఒంట్లో ఉండి తిండి తయారుచేసి పెట్టే సూక్ష్మ నాచు, నీళ్లు వేడెక్కినప్పుడు బయటికి పోతుంది, అప్పుడు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. 2010 వేసవిలో అండమాన్‌లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలాంటి పరిణామం నమోదైనట్టు ప్రకటించారు. వేడి కొద్ది వారాల్లో తగ్గితే కోలుకుంటాయి, తగ్గకపోతే చచ్చి నాచు పట్టిపోతాయి. సన్‌స్క్రీన్ దట్టంగా పూసుకునే బదులు నిండు చేతుల ఈత చొక్కా వేసుకోండి.

డైవ్ అయ్యాక ఆ రోజంతా నీళ్లు బాగా తాగండి, మద్యం జోలికి వెళ్లొద్దు. కీళ్లలో నొప్పి, తిమ్మిర్లు, కళ్లు తిరగడం, ఎన్నడూ లేని నీరసం ఉంటే ప్రయాణ బడలిక అనుకోకుండా వెంటనే కేంద్రం వాళ్లకు చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి. ఊరికొచ్చాక బయటపడినా డాక్టరుతో మొదటి మాటే ‘ఫలానా రోజు డైవ్ చేశాను’ అని చెప్పండి. చెప్పకపోతే వాళ్లకు ఆ అనుమానం రాదు.

చివరిగా మైపాడు ప్రశ్న. దీనికి జవాబు మీ చెరువు గట్టు మీదే ఉంది. నీరు ఎంత తేటగా ఉందో చూసే బిళ్ల, సెక్కీ డిస్క్, వేసి 30, 40 సెంటీమీటర్ల దగ్గర కనిపించకుండా పోతే చెరువు బాగుందంటారు మీరు. పగడపు దిబ్బ దగ్గర అదే డిస్క్ పది, పదిహేను మీటర్ల దాకా కనిపించాలి. ఆ సూక్ష్మ నాచుకు ఎండ తగలకపోతే పగడానికి తిండి లేదు. మన తీరానికి పెన్న, ఉత్తరాన కృష్ణ, గోదావరి ఒండ్రు తెచ్చి పోస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానల్లో మంచినీరు కలిసి ఉప్పు శాతం పడిపోతుంది, పగడాలకేమో అది దాదాపు 32 పీపీటీకి, అంటే వెయ్యి గ్రాముల నీటికి 32 గ్రాముల ఉప్పుకు, తగ్గకూడదు. పైగా పగడం పిల్ల అంటుకోవడానికి కదలని రాయి కావాలి, మనదంతా కదిలే ఇసుక, బురద. అందుకే దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ–పాక్ జలసంధి ప్రాంతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలోనే ఉన్నాయి.

పగడాలు లేకపోయినా సాధన చేద్దామని మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం బీచుల్లో మాస్కు పెట్టుకుని దిగకండి. అక్కడ అల విరిగాక నీరు వెనక్కి పోయే పాయలు గజఈతగాణ్ణి కూడా లోపలికి లాక్కుపోతాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఈతకొలనుకు వెళ్లి, ఛాతీలోతు నీళ్లలో ముఖం ముంచి స్నార్కెల్‌తో పది నిమిషాలు ఆపకుండా ఊపిరి తీయండి. తర్వాత మాస్కు తీసేసి, ముక్కులోకి నీళ్లు తగులుతున్నా నోటితోనే పీల్చి వదలడం సాధన చేయండి. ఈ రెండోది కుదిరేదాకా డైవ్‌కు డబ్బు కట్టకండి.